అచ్చు తప్పిన నాణేలు, వాటిని నమ్ముకున్న మనుషులు

వారానికి ఒకరైనా ఫోను చేస్తారు. నాణేల వ్యాపారంలోకి దిగాలనుకుంటున్నామనీ, ముప్పై ఏళ్లు ఇందులో ఉన్నవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పమనీ అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే అసలు సంగతికి వచ్చేస్తారు. ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటుకు ఎంత వస్తుంది? అమ్మవారి బొమ్మ ఉన్న బిళ్లకు ఎంత? అచ్చు పక్కకు జరిగిన రూపాయికి ఎంత? నాణెం ఎలా తయారవుతుందని అడిగినవాడు మాత్రం ఇంతవరకూ ఒక్కడూ లేడు. పొయ్యి వెలిగించడం రాకుండా హోటలు పెట్టేవాడి ధైర్యం వీళ్లది.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. అనంతపురం పాతఊళ్లో నా అంగడికి తాళం వేసి రెండేళ్లయింది. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాసిపెడుతున్నాను. ఏ ప్రదర్శనలో నాకు శాలువా కప్పారో, ఏ సంఘంలో ఏ పదవి వెలగబెట్టానో ఇందులో ఉండదు. శాలువాలు ఇంట్లోనే ఉన్నాయి, చలికాలంలో పనికొస్తాయి. ధరల పట్టిక కూడా ఉండదు. ఈ పని నిజంగా ఏమిటో, ఇందులో నాకు ఎక్కడెక్కడ బుద్ధి వచ్చిందో అంతవరకే చెబుతాను.

తప్పు వేరు, దెబ్బ వేరు

టంకశాలలో ముందు లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరిస్తారు. వాటి అంచును కొద్దిగా పైకి లేపుతారు. ఆ బిళ్లను ఒక ఉక్కు వలయంలో కూర్చోబెట్టి, కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు ఉంచి గట్టిగా ఒక్క దెబ్బ వేస్తారు. బొమ్మా బొరుసూ ఒకేసారి పడతాయి. రెప్పపాటు పని. రోజంతా అదే పని.

అప్పుడప్పుడు బిళ్ల సరిగ్గా కూర్చోదు. అచ్చు పక్కకు పడి, ఒక వైపు నెలవంకలాగా ఖాళీ మిగులుతుంది. ఒక్కోసారి కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుని ఉండిపోతుంది. తరువాతి బిళ్ల మీద అచ్చుకు బదులు ఆ నాణెమే దిగబడి, బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటగా పడుతుంది. ఇంకోసారి రూపాయి అచ్చుకు రెండు రూపాయల అచ్చును జత చేస్తారు. ఇలాంటివాటిని అక్కడే ఏరి కరిగిస్తారు. ఏరేవాడు అలసిపోయిన వేళ ఒకటీ అరా సంచిలో పడి బయటికొస్తాయి. మేం అమ్మేది వాటినే. ఎవరో పనివాడు ఆవులించిన క్షణాన్ని మఖమలు గుడ్డలో పెట్టి అమ్ముతాం.

సరిగ్గా పడిన రూపాయి జీవితమంతా చాకిరీ చేస్తుంది. కండక్టరు సంచిలో, తిరునాళ్ల దుకాణంలో, దర్గా హుండీలో తిరిగి తిరిగి అరిగిపోతుంది. వంకరగా పడినదానికి మాత్రం భూతద్దం, అద్దాల పెట్టె, చేతికి తొడుక్కునే తెల్ల గుడ్డ. ఇందులో ఆకర్షణ లేదని నేననను. యంత్రం తప్పు చేసిందంటే మనిషికి లోపల్లోపల ఒక సంతోషం. సర్కారు ముద్ర వేసిన వస్తువులోనే తప్పు దొరికితే మరీ సంతోషం. ఆ సంతోషం ఉచితంగా దొరుకుతుంది. దానికి ధర కట్టిన దగ్గర్నుంచే మనుషులు చెడిపోతారు.

గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటే. టంకశాల లోపల జరిగితే తప్పు. గేటు దాటి వచ్చాక జరిగితే దెబ్బ. లారీ కింద పడినా, రైలు పట్టాల మీద పెట్టినా, సుత్తితో కొట్టినా, యాసిడ్‌లో ముంచినా అది దెబ్బే. నా అంగడికి వచ్చినవాటిలో దాదాపు అన్నీ దెబ్బలే. తెచ్చినవాళ్లు దాదాపు అందరూ అవి తప్పులని ఒట్టేసి చెప్పినవాళ్లే.

నా మొదటి నాణెం నేనే చేశాను

నేను ఈ వృత్తిలోకి దొంగతోవలో వచ్చాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అనంతపురంలో ఒక లేతు షాపులో టర్నరుగా ఉండేవాణ్ణి. బోరు మోటార్ల షాఫ్టులు అరగదీయడం, మరలు తీయడం నా పని. ఒకరోజు తెల్ల ప్యాంటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, బడుల్లో ఇంద్రజాలం చూపిస్తుంటాననీ, రెండు వైపులా సింహాల బొమ్మే ఉండే రూపాయి కావాలనీ అడిగాడు. నా చేతి మీద నాకు పొగరు. ఒక రూపాయిని గిన్నెలాగా లోపల తొలిచాను. ఇంకో రూపాయిని అందులో సరిగ్గా ఇమిడేలా అంచు తీసేసి కూర్చోబెట్టాను. వెంట్రుక దూరదు. ఆయన మురిసిపోయి ఒక చొక్కా గుడ్డకు సరిపడా డబ్బు ఇచ్చి వెళ్లాడు.

కొన్ని నెలల తరువాత ఖాదర్ సాబు వచ్చాడు. పామిడిలో గడియారాలు బాగుచేసే మనిషి, పాత నాణేలు కూడా కొని అమ్మేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వడం చాలా తక్కువ. మా ఓనరుతో మాట్లాడి, ఇక్కడ అందరికన్నా మంచి చెయ్యి ఎవరిదని అడిగాడు. అందరూ నన్ను చూపించారు. ఆయన ఆ రూపాయి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది నీ చేతి పనేనా?"

కాదన్నాను. ఆయన కోప్పడలేదు. గడియారాలవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం తీసి నాణేన్ని చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"ఎవురు చేసినాడో గానీ పనిమంతుడే. అతుకు కనుక్కునేదానికి నాకే మూడు దినాలు పట్టె. కాకుంటే ఈ అంచుకాడ చెయ్యి వొణికినాది."

"వొణకలేదు సాబూ. టూలు మొద్దుబారినాది" అన్నాను.

అన్న తరువాత తెలిసింది ఏమన్నానో. మా ఓనరు తల పట్టుకున్నాడు. ఖాదర్ సాబు అద్దం జేబులో వేసుకుని, రేపు పామిడికి రమ్మని చెప్పి బస్సెక్కాడు.

మరుసటి రోజు వెళితే పెన్న అవతల ఒక ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇంటాయన రిటైరైన బడి అయ్యవారు. ఆ తెల్ల ప్యాంటు మనిషి నా రూపాయిని టంకశాల తప్పని చెప్పి ఆయనకే అమ్మాడు. అయ్యవారు ఇల్లు సున్నం కొట్టించడానికి దాచుకున్నదంతా దాని మీద పెట్టి, విలువ కట్టమని ఖాదర్ సాబు దగ్గరికి తెచ్చాడట. ఆయన ముందు దాన్ని నేనే విప్పాలని సాబు నాతో అన్నాడు. సన్నటి ఉలి మొనతో మీటాను. రూపాయి రెండు ముక్కలై బల్ల మీద దొర్లింది.

అయ్యవారు ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. పోలీసులంటాడనుకున్నాను. ఆయన మా వెనక వాకిలి మూసి వచ్చి, మెల్లగా అడిగాడు.

"మళ్లా అతికిచ్చేదానికి అవుతాదా నాయనా? మీరిద్దరూ ఎవురితోనూ చెప్పకుంటే సరిపాయె."

తిరిగి వస్తూ ఖాదర్ సాబూ నేనూ పెన్న దాటుతున్నాం. నదిలో నీళ్లు లేవు, ఇసుక ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. అప్పుడు సాబు అన్నాడు, అయ్యవారికి నాణెం అక్కర్లేదు, తన దగ్గర ఉన్నది పక్కవాడి దగ్గర లేదనే మాట కావాలని. ఆ మాట అమ్ముకుని బతికేవాళ్లు దొంగలనీ, ఆ మాట నిజమో కాదో చెప్పగలిగినవాడికి ఎప్పుడూ పని ఉంటుందనీ చెప్పాడు. ఇంత బాగా దొంగపని చేసినవాణ్ణి దొంగపని పట్టుకోవడానికి పెట్టుకుంటే మేలని, ఆదివారాలు రమ్మన్నాడు. అయ్యవారికి డబ్బు ఎవరిచ్చారని అడుగుతారేమో. ఆ తెల్ల ప్యాంటు మళ్లీ కనపడలేదు. ఏడాదిపాటు నా జీతంలోంచి నెలనెలా కొంత తీసుకెళ్లి సాబే ఇచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు, చెప్పాడంతే.

సాబు పాఠాలు

ఆయన దగ్గర పుస్తకాలు లేవు. ఒక నాణెం చేతికిచ్చి ఒకటే మాట అనేవాడు: "ఎట్ల జరిగినాదో చెప్పు." యంత్రంలో ఏ భాగం ఏం చేస్తే అలా అవుతుందో చెప్పలేకపోతే దాన్ని తప్పు అని పిలిచే హక్కు నాకు లేదు. అందంగా ఉంది, వింతగా ఉంది, ఎప్పుడూ చూడలేదు అన్నానంటే, అది నీ కథ, నాణెం కథ చెప్పు అనేవాడు.

అంచు కొరికినట్టుండే నాణెం ఒకటి ఇచ్చి వారం రోజులు నా దగ్గరే ఉంచాడు. నేను కొరికినచోటే చూస్తూ కూర్చున్నాను. అసలు చూడాల్సింది దానికి సరిగ్గా ఎదుటి అంచును. బిళ్ల టంకశాలలోనే అలా కత్తిరించబడి ఉంటే, అంచు లేపే యంత్రంలో దానికి ఆ వైపు ఆసరా దొరకదు. కాబట్టి ఎదురుగా ఉన్న అంచు కూడా పలచగా, తేలిపోయినట్టు ఉంటుంది. కత్తెరతో కోసిన దొంగకు ఈ సంగతి తెలియదు. వాడి నాణేనికి ఎదుటి అంచు నిక్కచ్చిగా ఉంటుంది. అద్దంలో బొమ్మలాంటిదీ అంతే. దొంగ రెండు నాణేల్ని, లేతు షాపుల్లో ఇనుము బిగించిపట్టే వైసులో పెట్టి బిగిస్తాడు. ఒక వైపు గుంట బొమ్మ పడుతుంది, రెండో వైపు నలిగి చదునైపోతుంది. నిజమైనదానికి రెండో వైపు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది. అందరూ చూసే వైపు చూడకపోవడమే ఈ వృత్తిలో సగం పని.

మోసపోకూడదన్న భయం ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నేను సొంతంగా అంగడి పెట్టిన కొత్తలో శింగనమల బస్సు కండక్టరు ఒకాయన అలాంటి అద్దం నాణెమే తెచ్చాడు. అంతకు ముందు వారమే రెండు వైసు నాణేలు పట్టుకున్న మదంలో ఉన్నాను. ఒక వైపు చూసి, నవ్వి, ఇది ఎవడో మెకానిక్ చేసిందని పంపించేశాను. తిప్పి చూడలేదు. ఆయన వెళ్లిపోయాక నా వేళ్లకు గుర్తొచ్చింది, రెండో వైపు బొమ్మ గరగరమని తగిలిందని. నలిగిన నాణెం అలా తగలదు. బస్టాండుకు పరిగెత్తాను. ఆయన టీ తాగుతున్నాడు.

"నువ్వు పనికిరాదంటివి గదన్నా. ఈడనే టీకి ఇచ్చేసినా" అన్నాడు.

టీ అంగడివాడు అప్పటికే చిల్లర ఎవరికో ఇచ్చేశాడు. అంతటి నాణెం మళ్లీ నాకు దొరకలేదు. కండక్టరు నష్టం ఎంతో ఆయనకు నేను చెప్పలేదు. చెప్పకపోవడాన్ని దయ అనుకున్నాను. అది పిరికితనం.

కొనే పెద్దమనుషులు

అమ్మేవాళ్ల గురించి చెప్పాను. కొనేవాళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. నా దగ్గర అందరికన్నా ఎక్కువగా కొన్నవాడు కేశవన్న. ఆయనకు బోరుబావులు తవ్వే బండ్లున్నాయి. మా జిల్లాలో బోరు బండ్లున్నవాడు వాన పడినా పడకపోయినా బతుకుతాడు, పడకపోతే బాగా బతుకుతాడు. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఆయన ఆఫీసు. బీరువాలో పైనుంచి కిందదాకా అరలు. అరల నిండా అచ్చు తప్పిన నాణేలు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఏది ఎందుకు తప్పో ఆయనకు తెలియదు, ఏది ఎంతకు కొన్నాడో మాత్రం తెలుసు.

ఒకరోజు పది రూపాయల నాణెం ఒకటి తీసుకెళ్లాను. నడిమి తెల్ల బిళ్ల మధ్యలో కూర్చోకుండా పక్కకు జరిగి, పసుపుపచ్చ వలయం మీదికి ఎక్కింది. నిఖార్సైన తప్పు. కేశవన్న దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని, ఎంత పక్కకు జరిగితే అంత విలువ గదా అని నన్ను అడుగుతున్నాడు. అప్పుడు ఒక రైతు లోపలికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. నీళ్ల జాడ కోసం చేను గట్టున అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిస్తే ఒకచోట కాయ లేచి నిలబడిందట. అక్కడ రాయి పాతి గుర్తు పెట్టుకున్నాడట. బండి తెచ్చినవాళ్లు ఆ గుర్తు వదిలి, బండి తిప్పుకోవడానికి వీలుగా ఉందని నాలుగు బారల పక్కన బోరు వేశారు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అదే ఆయన చెప్పుకుంటున్నాడు.

కేశవన్న నాణెం మీదనుంచి కన్ను తీయకుండానే అన్నాడు.

"రోంత పక్కకు పోయినాదని దుడ్లు వాపసు ఇయ్యమంటే ఎట్లప్పా? బండి పనిజేసింది గదా."

టెంకాయ మీద నాకు నమ్మకం లేదు. కాని పక్కకు పోయిన నాణేనికి వందింతలు చెల్లిస్తున్న చేత్తోనే, పక్కకు పోయిన బోరుకు పూర్తి కూలి వసూలు చేసిన మనిషిని చూశాను. రైతు బయటికి పోయి చెప్పులు వేసుకున్నాడు. నేనేమన్నానని మీరు అడగాలి. ఏమీ అనలేదు. నాణెం ఇచ్చి, డబ్బు తీసుకుని, మజ్జిగ తాగి వచ్చాను. కొనేవాళ్ల మీద నా ఏవగింపుకు ఏ కొదవా లేదు గానీ, వాళ్ల మజ్జిగ తాగినవాణ్ణి కూడా అందులో కలపాలి.

ఫోన్లో నా ముఖం

అంగడి మూయడానికి కొన్ని నెలల ముందు, ఫోన్లలో వీడియోలు పెట్టే ఒకతను వచ్చాడు. జిల్లాలో ఇన్ని తెలిసినవారు మీరొక్కరే సార్ అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది నాకు. కొత్త చొక్కా వేసుకుని గంటసేపు మాట్లాడాను. ఏది తప్పు, ఏది దెబ్బ, వైసు నాణేలు, కొరికిన అంచులు అన్నీ విడమరిచి చెప్పాను. రెండు అచ్చులు తారుమారైన ఒక నాణేన్ని మోటారు సైకిలు ధరకు అమ్మానని కూడా చెప్పాను. నిజమే, అమ్మాను. అతను ఐదు నిమిషాలకు కుదించి పెట్టాడు. మా వాళ్లందరికీ పంపించి మెప్పు పొందాను.

కొన్ని వారాలకు అంగడికి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పేరు నాగమ్మ. శింగనమల చెరువు అవతలి పల్లె, గొర్రెలు కాచుకునే మనిషి. భర్త లేడు. గుమ్మంలో నిలబడి నన్ను తేరిపారా చూసి, ఇన్నాళ్లకు దొరికానన్నట్టు నిట్టూర్చి అడిగింది.

"పెట్టె ఎప్పుడొస్తాదన్నా?"

ఏ పెట్టె అన్నాను. చెంగు ముడి విప్పి ఒక ఐదు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టింది. ఒక వైపు బొమ్మే లేదు, నున్నగా ఉంది. ఏ అంగడివాడూ తీసుకోకపోవడంతో అది ఆమె దగ్గరే ఉండిపోయిందట. పక్కింటివాళ్ల ఫోన్లో నన్ను చూసి, దాన్ని తన ఫోన్లోకీ ఎక్కించుకుని, ఆ వీడియో కింద ఉన్న నంబరుకు చేసిందట. బిళ్ల ఫోటో పంపించుకుని, అది లక్షలు చేస్తుందన్నారు. ముందు పేరు నమోదుకు కొంత పంపమన్నారు. పంపింది. తరువాత పన్ను అన్నారు. పంపింది. నోట్ల కట్టలున్న పెట్టె ఫోటో పంపి, అది తెచ్చే బండికి కిరాయి అన్నారు. అదీ పంపింది. మూడు విడతల్లో ఏడు గొర్రెలు అమ్మింది. ఇప్పుడు ఆ ఫోను ఎత్తడం లేదు. అందుకని ముఖం ఉన్న మనిషిని వెతుక్కుంటూ వచ్చింది.

బిళ్లను అద్దం కింద పెట్టాను. అడ్డదిడ్డంగా గీతలు, రోడ్డు మీద లారీల కింద నలిగిన గీతలు. ముప్పై ఏళ్ల అలవాటులో అదే గొంతుతో చెప్పాను, ఇది టంకశాల తప్పు కాదమ్మా, దెబ్బ అని. ఆమె బిళ్ల వైపు చూడలేదు. ఫోను నా ముందుకు తోసింది. నా ముఖం, కొత్త చొక్కా. కింద నాది కాని నంబరు.

"ఇది నువ్వు కాదా?"

"నేనే. నంబరు నాది కాదు."

"మొగం నీదే గదా."

నాకు కోపం వచ్చింది. నేను నీ దగ్గర పైసా అడగలేదు, ఎవరినీ కనుక్కోకుండా ఎవడికో పంపిస్తే నేనేం చేసేది అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"నువ్వే చెప్తివి గదన్నా. ఇంగెవర్ని అడగల్ల?"

బస్సు చార్జీ ఇస్తే తీసుకోలేదు. బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చుంది. మూడు రోజులు అలాగే వచ్చి కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. నాణెం చేతపట్టుకుని ఎవరొచ్చినా ఫోను చూపించి, ఈయన్ను చూసి ఏడు గొర్రెలు పోగొట్టుకున్నానని చెప్పేది. కొందరు తిరిగి వెళ్లిపోయారు. కొందరు జాలిగా విని, లోపలికొచ్చి, తమ నాణేనికి ఎంత వస్తుందని అడిగారు. రెండో రకం మనుషులే ఎక్కువ.

రెండో రోజు ఆమెను పోలీస్‌స్టేషనుకు తీసుకెళ్లాను. అక్కడి కానిస్టేబులు శ్రద్ధగానే ఫిర్యాదు రాసుకున్నాడు. ఇలాంటివి రోజూ వస్తున్నాయనీ, నంబర్లన్నీ ఎక్కడివో ఎవరికీ అంతుబట్టదనీ చెప్పాడు. రాయడం అయిపోయాక పర్సులోంచి ఒక రెండు రూపాయల బిళ్ల తీసి, దీనికేమన్నా వస్తుందా సార్ అని నన్ను అడిగాడు. నాగమ్మ పక్కనే ఉంది.

వీడియో పెట్టినతనికి ఫోను చేశాను. అతను తీసేయనన్నాడు. తన దాంట్లో ఆ నంబరు లేదనీ, దాన్ని ఎవరెవరో కాజేసి వాళ్ల నంబర్లు తగిలించి వదిలారనీ, తనది తీసినా అవి పోవనీ చెప్పాడు. అది నిజమేనట. బాగా చూస్తున్నారు సార్, రెండో భాగం చేద్దాం అని కూడా అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం, ఆమె బయట కూర్చుని ఉండగా, నేను ఆ వీడియో మొదటినుంచి చివరిదాకా చూశాను. అప్పటిదాకా నా ముఖం ఎలా ఉందో చూసుకున్నాను తప్ప ఏమన్నానో వినలేదు. నా మాటల్ని కత్తిరించారని అందరితో చెప్పుకు తిరుగుతున్నాను. కత్తిరించిన మాట నిజం. కాని చివర్లో నేను నవ్వుతూ ఒక మాట అన్నాను. దాన్ని ఎవరూ అతికించలేదు. "మీ ఇంట్లో చిల్లర డబ్బాలో కూడా ఉండొచ్చు, పోయి చూసుకోండి." ఉండదని నాకు తెలుసు. గొప్పగా వినపడుతుందని అన్నాను.

సంతలో

అమ్మడానికి కాకుండా నాకోసం దాచుకున్న తప్పు నాణేలు ఒక చిన్న అరలో ఉండేవి. కడిగి మెరుగు పెట్టనివి, ఎలా జరిగిందో ప్రతిదానికీ చెప్పగలిగినవి. ఆ అర మొత్తం కేశవన్నకు అమ్మేశాను. ఎందుకమ్ముతున్నావని అడిగితే, నాగమ్మ గొర్రెల డబ్బు కట్టడానికని చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"నువ్వు చేసిన తప్పు కాదు గదన్నా. నువ్వెందుకు కట్టాల?"

ఆ మాట ఆయన నోటినుంచి రావడంతో కట్టాలా వద్దా అని నాకు మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది.

నాగమ్మకు డబ్బు ఇవ్వబోతే చేతికి తీసుకోలేదు. దుడ్లు తనకొద్దనీ, పోయినవి గొర్రెలనీ, గొర్రెలే కొనిపెట్టమనీ అంది. అనంతపురం గొర్రెల సంతకు ఇద్దరం వెళ్లాం. తెల్లవారేసరికే టెంపోలు, ధూళి, అరుపులు. వస్తువు చూసి బాగోగులు తేల్చడం నా వృత్తి కదా, నేనే ముందు నడిచాను. మంచి ఒళ్లున్న ఒక గొర్రెను చూపించాను. ఆమె దాని కడుపు మీద చెయ్యి వేసి, తీసేసింది.

"ఉప్పేసి నీళ్లు తాపినాడు. సందేళకు దిగిపోతాది."

అమ్మేవాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఇంకోటి చూపించాను. ఆమె దాని పెదవి ఎత్తి పళ్లు చూసింది. వయసు దాచి చెబుతున్నారంది. మూడోదాన్ని పది అడుగులు నడిపించి, వెనక కాలు చూడమంది. నాకేమీ కనపడలేదు. ఇంకోదాని పొదుగు నొక్కి చూసి, ఒక పక్క గట్టిపడిందనీ, పిల్లకు పాలు చాలవనీ చెప్పింది. అంతమంది వ్యాపారుల్లో ఒక్కడు కూడా ఆమెను మోసం చేయలేకపోయాడు. ఇద్దరు ముగ్గురు ఆమె వస్తుంటే కొన్ని గొర్రెల్ని వెనక్కి నెట్టడం కూడా చూశాను. ఇక్కడ తప్పుకు ఎక్కువ ధర లేదు. అడుగు వంకరగా పడితే ధర పడిపోతుంది, అంతే.

పొద్దు నెత్తికెక్కేసరికి ఏడు దొరికాయి. నేను వాటి డబ్బు ఇచ్చాను. ఆమె తాళ్లు చేతికి చుట్టుకుని, చెంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు అడిగాను, అప్పటిదాకా అడగడానికి నోరు రాలేదు. ఇంతమందికి లొంగని మనిషివి, ఎవడో ఫోన్లో చెబితే మూడుసార్లు ఎలా పంపించావు అని.

ఆమె తాళ్లు బిగించుకుంటూ నా వైపు తిరిగింది. కోపం లేదు.

"గొర్రెనైతే నేను చూస్తా గదన్నా. ఆ బిళ్లను నువ్వు చూసినావనుకుంటి" అంది.

అని, చివరి గొర్రెను రెండు చేతులా ఎత్తి టెంపోలో వేసుకుని, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.